డ్రెస్సింగుకి రానివాళ్ళు

గంగాలమ్మకి ఎవరైనా ఊరికే టీ ఇస్తే అనుమానం. టీతో పాటు సమోసా కూడా ఇస్తే ఆ రాత్రి ఇక నిద్ర పట్టదు. అలాంటిది ఆసుపత్రి మీటింగు హాల్లో ఏసీ వేసి, ఆయాలనీ వార్డుబాయిలనీ నర్సుల పక్కనే మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి, చేతికి సమోసా ఇచ్చి, ఇవాళ్టి నుంచి మీరందరూ యూనివర్సిటీ విద్యార్థులని ఒకావిడ నవ్వుతూ చెబితే ఆ మనిషి ఏమనుకోవాలి?

ఆవిడ పేరు మధులత, యూనివర్సిటీలో లెక్చరరు. ఈ చదువు కోసం ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని చెప్పింది. రోజూ చేసే పనిలోనే ఒక లోపాన్ని పట్టుకుని, అది ఎందుకు జరుగుతోందో కనిపెట్టి, సరిచేసి చూపించడమే చదువట. పరీక్షలుండవట. డ్యూటీ అయ్యాక వారానికోసారి ఇదే హాల్లో కూర్చుని మాట్లాడుకుంటే చాలట. చివర్లో సర్టిఫికెట్టు ఇస్తారట. ఏడో తరగతిలో బడి మానేసినవాళ్ళకీ ఇస్తారట. గంగాలమ్మ సమోసాని తినకుండా రుమాల్లో చుట్టి పెట్టుకుని, పక్క కుర్చీలో ఉన్న ఆయా చెవిలో గొణిగింది.

"లోపమేటో మన సేతే సెప్పిత్తారు. సెప్పినాక ఆ లోపం ఎవలిదో ఆల్లు రాసుకుంతారు. అర్థమైనాదేటి?"

ఆమె అలా అనడానికి కారణం లేకపోలేదు. వార్డు పనివాళ్ళందరినీ ఒక ఏజెన్సీకి అప్పగిస్తారని ఆసుపత్రిలో ఎన్నాళ్ళనుంచో గుసగుసలు. ఏజెన్సీ వస్తే యాభై దాటినవాళ్ళని ఉంచుకోరని అందరూ అనుకుంటున్నారు. గంగాలమ్మకి యాభై దాటాయి. మొగుడు సింహాద్రి బోటు మీద వేటకి వెళతాడు; సముద్రం ఒకరోజు పెడుతుంది, ఇంకోరోజు మాడుస్తుంది. ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉన్నదంటే అది ఈ ఆయా ఉద్యోగం వల్లే. కనుక ఈ కోర్సు తన ఉద్యోగం తీసెయ్యడానికి వేసిన వల అని ఆమె మొదటి రోజే తేల్చేసుకుంది.

అసలామె అనుమానం పుట్టింది ఫిషింగ్ హార్బరులో. వాళ్ళమ్మ తెల్లారకముందే అక్కడ వేలంలో చేపలు పాడుకుని, పూర్ణా మార్కెట్లో గంప దించేది. గంపలో పైవరస చేపలు ఇప్పుడే వల్లోంచి తీసినట్టు మెరుస్తుంటాయి. ఐసు కింద ఉన్నవి ఎన్నాళ్ళవో దేవుడికే తెలియాలి. అడుక్కి చెయ్యి పెట్టి చూడందే ఆ తల్లి ఎప్పుడూ పాట ఎత్తలేదు. కూతురికి ఆస్తి కింద ఇచ్చింది ఆ అలవాటే. పిల్ల దాన్ని చేపల దగ్గరే ఆపి ఉంటే బాగుండేది. బస్సు కండక్టరు దగ్గర్నుంచి గుళ్ళో తీర్థం పోసే పూజారి దాకా అందరినీ అలాగే చూసేది. పెళ్ళిచూపులకి వచ్చిన సింహాద్రికి కాలు కుంటేమోనని, కాసేపు వాకిట్లో అటూ ఇటూ నడిచి చూపించమని మేనమామ చేత అడిగించింది. పాపం సింహాద్రి నడిచాడు. ఇన్నేళ్ళైనా ఆ మాట ఎత్తితే అన్నం ముందునుంచి లేచిపోతాడు.

పాతటౌనులోని ఆ ట్రస్టు ఆసుపత్రిలో ఊడ్చే పనికి చేరి, మెల్లగా సర్జరీ వార్డులో ఆయా అయింది గంగాలమ్మ. ముసలివాళ్ళకి ఒళ్ళు తుడవడం, పక్కలు మార్చడం, పుండు కడిగేటప్పుడు కాలు కదలకుండా పట్టుకోవడం ఆమె పని. నోరు కరుకే గాని చెయ్యి మెత్తన. అర్ధరూపాయి మాత్రని కూడా అటు తిప్పీ ఇటు తిప్పీ చూసే మనిషి, రోగి కక్కుకుంటే మాత్రం ముఖం చిట్లించకుండా ఎత్తి పోసేది. డిశ్చార్జి అయినవాళ్ళని చక్రాల కుర్చీలో గేటు దాకా తోసుకెళ్ళి ఆటో ఎక్కించేది కూడా ఆమే. ఆమె చేతి మీదుగా ఇల్లు చేరితే మంచిదని జాలరి కాలనీల్లో ఒక నమ్మకం ఉండేది.

రెండో క్లాసులో అందరూ జట్లుగా విడిపోయి, జట్టుకో లోపాన్ని ఎంచుకున్నారు. గంగాలమ్మ జట్టుకి పెద్ద, హెడ్ నర్సు ఆశాజ్యోతి. ఆవిడని చాలాకాలంగా పీడిస్తున్న సంగతి ఒకటుంది. షుగరుతో కాళ్ళు పుళ్ళు పడినవాళ్ళకి ఆపరేషన్ చేసి, కట్టుకట్టి, ఫలానా మంగళవారం డ్రెస్సింగుకి రమ్మని చెప్పి పంపిస్తే, హార్బరు చుట్టుపక్కలవాళ్ళు రావడం లేదు. వచ్చినప్పుడు వేళ్ళు నల్లబడ్డాక వస్తున్నారు. ఎందుకు రావడం లేదో కనిపెడదామంది ఆవిడ. ఇందులో ఆయాల తప్పేమీ కనిపించకపోవడంతో గంగాలమ్మకి కాస్త ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే తప్పు ఎవరిదై ఉంటుందా అని కళ్ళు నాలుగువైపులా తిప్పింది.

ఆ కళ్ళు వెళ్ళి వెళ్ళి గేటు దగ్గర అర్జునరావు మీద ఆగాయి. అర్జునరావు సెక్యూరిటీ గార్డు. గాజువాక వైపు మనిషి, నెమ్మదస్తుడు, ఆమెని అక్కా అని పిలుస్తాడు. ఇన్నాళ్ళూ అతని మీద ఏ అనుమానమూ లేకపోవడమే ఇప్పుడు ఆమెకి పెద్ద అనుమానమైపోయింది. రోడ్డుకి అవతల ఈమధ్యే ఒక క్లినిక్కు తెరిచారు. డిశ్చార్జి అయి వెళ్ళేవాళ్ళతో అర్జునరావు వంగి ఏదో చెబుతుంటాడు. ఆటోవాళ్ళకి చెయ్యి ఊపుతుంటాడు. చేతికి కొత్త వాచీ వచ్చింది. ఈ మూడూ కలిపి ముడివేసుకుంది గంగాలమ్మ. మన రోగుల్ని ఆ క్లినిక్కుకి మళ్ళిస్తున్నది ఇతగాడే అని తీర్మానించుకుంది. అతన్ని అడగొచ్చు కదా అంటారా? అడిగితే జాగ్రత్తపడిపోడూ!

మూడో క్లాసులో మధులత, రోగి వార్డు గుమ్మం దాటినప్పటి నుంచి ఇల్లు చేరేదాకా ఏమేం జరుగుతుందో ఒక్కొక్కటీ చెప్పమంది. ఎప్పుడూ వెనక కుర్చీలో కూర్చునే గంగాలమ్మ లేచి నిలబడింది.

"గేటు కాడ ఓ మనిసున్నాడు మేడమ్. ఆడు ఎవలి సెవిలో ఏటి ఊదుతన్నాడో అడగండి."

మధులత ముఖంలో నవ్వు పోయింది. మనం వెతికేది కారణాన్ని, మనిషిని కాదని మెత్తగా చెప్పింది. కానీ మాట హాలు దాటిపోయింది. సాయంత్రానికి క్యాంటీన్లో అదే కథ. వారం తిరక్కుండా అర్జునరావుని చెత్తబళ్ళూ మాసిన దుప్పట్లూ పోయే వెనక గేటుకి మార్చారు. సంజాయిషీ చెప్పమన్నారు. చెప్పింది నచ్చకపోతే పంపించేస్తారని తెలిసింది. ఆశాజ్యోతి ఆ రోజంతా గంగాలమ్మతో ముభావంగా ఉంది. గంగాలమ్మకి లోపల్లోపల తృప్తిగానే ఉంది గాని, క్లాసులో అన్నమాట పైవాళ్ళకి అంత తొందరగా ఎవరు మోశారా అని మాత్రం జట్టులో ఒక్కొక్కరి ముఖమూ పరీక్షగా చూసింది.

తర్వాత పని, డ్రెస్సింగుకి రానివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అడగడం. ఒక్క ప్రశ్న వేసి, వాళ్ళు చెప్పడం అయ్యేదాకా నోరు మూసుకుని వినాలని మధులత మరీ మరీ చెప్పింది. కాలనీ గంగాలమ్మది కనుక ఆ ఇళ్ళు ఆమెకే వచ్చాయి. అర్జునరావు గుట్టు అక్కడే బయటపడుతుందని ఆమె హుషారుగా బయల్దేరింది.

మొదట వీరన్న ఇల్లు. వీరన్న బోటు నడిపే మనిషి, సింహాద్రికి వరసకి తమ్ముడు. అరికాల్లో జెల్లచేప ముల్లు దిగితే పట్టించుకోక, షుగరు వల్ల చీము పట్టి, ఆసుపత్రిలో పడుకుని వెళ్ళాడు. పెళ్ళాం దుర్గ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. ఆ వాసనని దాటుకుని లోపల్నుంచి ఇంకో వాసన వస్తోంది. వార్డులో బతికిన గంగాలమ్మ ముక్కుకి అదేమిటో తెలుసు. అయినా వచ్చిన పని ముందు అడిగింది.

"మంగలారం డ్రెస్సింగుకి రమ్మన్నారు గదే. ఎందుకు రాలేదు?"

దుర్గ చేతిలో చేప అలాగే పట్టుకుని ఆమె వైపు వింతగా చూసింది.

"నువ్వే గదా అక్కా రావొద్దన్నావు."

గంగాలమ్మ నవ్వింది. తర్వాత ఒళ్ళు మండింది. మధులత చెప్పిన నోరు మూసుకోవడం సంగతి మర్చిపోయి, ఈ మాట నీకు ఎవరు నేర్పారు, అర్జునరావు ఇక్కడికి వచ్చి వెళ్ళాడా అని దుర్గని నిలదీసింది.

"ఆడెందుకొత్తాడు? గేటు కాడ నువ్వు మాయన తల నిమిరి మెటికలిరిసినావు. మల్లీ ఈ గుమ్మం తొక్కకు నాయినా, ఈ మందుల కంపు నీకొద్దు, అన్నావు. నీ నోట ఆ మాటొచ్చినాక తిరిగెల్తే అరిస్టమని మాయత్త ఎల్లనివ్వలేదు."

మరి ఆ గార్డు మీ చెవిలో ఏమి చెప్పాడని గంగాలమ్మ గొంతు తగ్గించి అడిగింది. డ్రెస్సింగుకి వచ్చినప్పుడు పెద్ద లైనులో నిలబడొద్దు, పక్క గుమ్మం నుంచి నేనే తీసుకెళ్తాను అన్నాడని దుర్గ చెప్పింది.

ఆ కాలనీలో పుట్టినవాళ్ళకి ఇందులో విప్పి చెప్పాల్సింది ఏమీ లేదు. వేటకి బయల్దేరే మనిషిని ఎప్పుడొస్తావని అడగరు. వెనకనుంచి పిలవరు. గడప దాటేటప్పుడు చెవినపడ్డ చివరి మాట మనిషి వెంట వెళుతుందని నమ్ముతారు. ఆసుపత్రి నుంచి పోయేవాళ్ళని మళ్ళీ రండి అనడమంటే రోగాన్ని విందుకి పిలిచినట్టేనని గంగాలమ్మ లెక్క. అందుకే చేరిన నాటి నుంచీ ప్రతివాళ్ళకీ మళ్ళీ రావద్దనే చెప్పి పంపుతోంది. మనసారా చెప్పింది. నర్సులు మంగళవారం అని వార్డులో చెప్పేవారు, కాగితం మీద రాసి ఇచ్చేవారు. కానీ గేటు దగ్గర చివరి మాట ఆమెది.

ఆమె నమ్మలేదు. దుర్గ తోడికోడలి వరస, ఏదో పాతది మనసులో పెట్టుకుని అంటోందేమోనని పై వీధికి వెళ్ళింది. అక్కడ ఒక ముసలాయన, తల్లీ నువ్వన్నట్టే మళ్ళీ ఆ మొహం చూడలేదు అంటూ దండం పెట్టాడు. అతని కట్టు మాసి నల్లగా ఉంది. ఆ పక్కింటి గంపల ఆవిడైతే గంగాలమ్మ మెటికలు విరవడం, మాట విరవడం, అచ్చం ఆమెలాగే చేసి చూపించి నవ్వింది. గంగాలమ్మ ఇంకో ఇంటికి వెళ్ళలేదు. లోకంలో అందరినీ అనుమానించిన మనిషి, ఒక్కర్ని వదిలేసింది. ఆ ఒక్కరూ తనే. సిగ్గుతో ఆమె ముఖం భగ్గుమంది. ఆ సిగ్గు వెనకే భయం వచ్చింది. లోపం ఎవరిదో వాళ్ళు రాసుకుంటారని మొదటి రోజు చెప్పింది తనే కదా.

అయితే ముందు కాలు. తిరిగి వీరన్న ఇంటికి పోయి కట్టు విప్పింది. చిటికెనవేలు నల్లబడి ఉంది. ఆటో పిలిచింది. వీరన్న తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి, అన్నమాట నోట్లోకి తిరిగి తీసుకోవడం ఎక్కడైనా ఉందా అని అరిచింది. గంగాలమ్మ ఆవిడ కాళ్ళు పట్టుకుంది. ఆ ముసలామె కాళ్ళు వెనక్కి లాక్కుని ముఖం తిప్పుకుంది, దుర్గ మొగుణ్ణి ఆటో ఎక్కించింది. డాక్టర్లు వేలు తీసేసి పాదం దక్కించారు. ఇంకో వారం ఆగి ఉంటే పాదం కూడా పోయేదని చెప్పారు.

ఈ సంగతంతా ఆసుపత్రిలో ఇంకెవరికీ తెలియదు. కాలనీవాళ్ళు వచ్చి ఫిర్యాదు చెయ్యరు. వాళ్ళకి అది ఫిర్యాదే కాదు. అటువైపు అర్జునరావు సంజాయిషీ ఎవరికీ నచ్చలేదని, నెలాఖరుకి పంపించేస్తారని క్యాంటీన్లో అంటున్నారు. అతను పోతే కథ ముగిసిపోతుంది. తన ఉద్యోగం తన దగ్గరుంటుంది. రోజంతా వార్డులో తిరుగుతూ ఎన్నో రకాలుగా ఆలోచించింది గంగాలమ్మ. కాలనీలో ఏవో మూఢనమ్మకాలున్నాయని చెప్పి తన పేరు ఎత్తకుండా వదిలేస్తే? సింహాద్రిని అడిగితే, ఇంట్లో పొయ్యి సంగతి చూసుకోమన్నాడు. ఆ మాటా కాదనలేనిదే.

క్లాసు రోజున ఎవరు ఏం కనుక్కున్నారో చెప్పమని మధులత అడిగింది. ఒకళ్ళు బస్సులు లేవన్నారు, ఒకళ్ళు వేట రోజులన్నారు. గంగాలమ్మ వంతు వచ్చింది. లేచి నిలబడి కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"తప్పు గేటు కాడే ఉంది మేడమ్. అర్జునరావుది కాదు, నాది. నాను మల్లీ రావొద్దని దీవించినాను. ఆల్లు మాటిని మానేసినారు. ఒకాయన ఏలు పోనాది."

ఆశాజ్యోతి కుర్చీలోంచి లేచింది. ఆ దీవెన వార్డు కిటికీలోంచి తను కూడా రోజూ వింటూనే ఉన్నానని, ఎంత చక్కగా పంపుతుందో అనుకున్నానే గాని తనకీ తట్టలేదని చెప్పింది. మధులత గంగాలమ్మని కూర్చోమని, ఇన్ని జట్లలో వెతకడానికి బయల్దేరిన చోటికి కాకుండా నిజం ఉన్నచోటికి వెళ్ళింది ఈవిడే అంది. అందరూ చప్పట్లు కొట్టారు. గంగాలమ్మకి ఆ చప్పట్లు టీ సమోసా లాగే అనిపించాయి. ఇవాళ చప్పట్లు, రేపు కాగితం అనుకుంది.

కాగితం రాలేదు. ఆఫీసు ప్యూను వార్డు వైపు వచ్చినప్పుడల్లా ఆమె బేసిను కింద పెట్టి అతని చేతుల వైపు చూసేది, అతను వేరే పని మీద వచ్చి పోయేవాడు. ఏజెన్సీ సంగతి అలాగే నలుగుతోంది, ఎవరూ తేల్చరు. ఈలోగా జట్టు కొత్త మాట కోసం తలబద్దలు కొట్టుకుంది. మంగళవారం రండి అని చెప్పమంది ఆశాజ్యోతి. గంగాలమ్మ ప్రయత్నించింది గాని, గేటు దగ్గరికి వెళ్ళేసరికి నాలుక తిరగలేదు. చిన్నప్పటి నుంచి నోట్లో ఉన్న మాటని ఎవరో చెప్పారని ఉమ్మెయ్యలేం కదా. ఓ రోజు ఒక ముసలమ్మని ఆటో ఎక్కిస్తూ, ఏం అనాలో తోచక, "మంగలారం నన్నో పాలి సూసి పోవే పిన్నీ" అనేసింది. మనిషిని చూడ్డానికి రమ్మనడంలో అరిష్టం ఏముంది? పిన్ని మంగళవారం వచ్చింది. డ్రెస్సింగు గది ముందు నిలబడి గంగాలమ్మ ఏదని గొడవ పెట్టింది. ఆ తర్వాత అదే మాట అయింది. అందరూ వస్తున్నారని కాదు గాని, చాలామంది వస్తున్నారు. వీరన్న కూడా కుంటుకుంటూ వచ్చాడు. వాళ్ళమ్మ మాత్రం గంగాలమ్మ ఎదురుపడితే ఇప్పటికీ పక్క సందులోకి తిరిగిపోతుంది.

అర్జునరావుని మళ్ళీ ముందు గేటుకి వేశారు. సంజాయిషీ అక్కర్లేదన్నారు, అనుమానించినందుకు మాత్రం ఎవరూ క్షమించమనలేదు. అంతకుముందే గంగాలమ్మ అతనితో మాట్లాడదామని వెనక గేటుకి ఒకసారి వెళ్ళింది, అప్పటికి అతను సెలవులో ఉన్నాడు. నిజం చెప్పాలంటే సెలవులో ఉన్నందుకు సంతోషించింది.

అతను తిరిగి వచ్చిన రోజు ఆమె డ్యూటీ దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి, ఇంటికెళ్ళే నర్సులూ ఆయాలూ వరసలో ఉన్నారు. బయటికి పోయేవాళ్ళ సంచులు చూడాలని ఆసుపత్రిలో రూలుంది. అర్జునరావు పాతవాళ్ళ దగ్గర దాన్ని ఎన్నడూ పాటించలేదు, పోండక్కా అని చెయ్యి ఊపేవాడు. ముందున్న ఇద్దరు ఆయాల్నీ అలాగే పంపాడు. గంగాలమ్మ వంతు వచ్చింది.

"అక్కా, సంచి."

ఆమె సంచి భుజం మీంచి దించింది. చుట్టూ అందరూ వింటున్నారని తెలిసే, అతనికి చెప్పాలనుకున్నది అప్పుడే చెప్పింది.

"నిన్ను ఊరికినే అన్నాను అర్జునా. నాదే తప్పు."

"తెలుసక్కా. అందరూ సెప్పినారు." అతను కళ్ళెత్తి ఆమెని చూశాడు. కోపం లేదు, అలిసిపోయిన ముఖం. "సంచి తియ్యండి."

గంగాలమ్మ సంచి జిప్పు లాగి, రెండు చేతులతో తెరిచి పట్టుకుంది. అతను క్యారేజీ మూత తీసి చూశాడు, తడి తువ్వాలు ఎత్తి చూశాడు, మడతపెట్టి ఎక్కడిదక్కడ పెట్టాడు. ఆమె కళ్ళు నిండిపోయాయి, అయినా తల దించుకోలేదు. చూడనీ అనుకుంది, అతను ఎన్నాళ్ళు చూస్తే అన్నాళ్ళు చూడనీ. అతను పక్కకి తప్పుకున్నాక సంచి భుజాన వేసుకుని రోడ్డు మీదికి నడిచింది.